నియూయే అసలు దేశమేనా? పేరు, హోదా గురించి తెలిసినవాళ్లు చెప్పండి

భూగోళం_మాస్టారు

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెప్తుంటాను. మొన్న పసిఫిక్ దీవుల గురించి చెప్తూ, మన ప్రభుత్వం ఆ దేశాలతో కలిసి నడిపే ఫిపిక్ అనే వేదిక ఒకటుందని, అది 2014లో ఫిజీలోని సువాలో మొదలైందని, అందులో మనతో పాటు 14 దీవి దేశాలు ఉన్నాయని పేర్లన్నీ బోర్డు మీద రాశాను. ఒక పాప అట్లాస్ వెనకాల ఉన్న ఐక్యరాజ్యసమితి సభ్య దేశాల పట్టిక తీసి ఒక్కో పేరూ సరిచూసుకుని, "సార్, ఇందులో 12 పేర్లే ఉన్నాయి, కుక్ దీవులు, నియూయే లేవు" అంది. చాలా మంచి ప్రశ్న. కుక్ దీవుల సంగతి తర్వాత చూద్దాం, ముందు నియూయే గురించి అడుగుతున్నాను. ఒకచోట దేశం అని ఉంది, ఇంకోచోట న్యూజిలాండ్ కింద ఉన్న దీవి అని ఉంది, మరోచోట న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధంలో ఉన్న స్వపరిపాలన రాజ్యం అని ఉంది. పాత పటాల్లో అయితే ఆ పేరే కనపడదు, సావేజ్ ఐలాండ్ అని వేశారు. పిల్లలకు ఏమని చెప్పాలి? కాస్త వివరంగా రాయండి, ముక్తసరిగా తేల్చేయకండి.

సివిల్స్_బ్యాచ్

ఐరాస సభ్యత్వం లేదు. రక్షణ, విదేశాంగం న్యూజిలాండ్ బాధ్యత. పౌరసత్వం న్యూజిలాండ్‌ది, డబ్బు న్యూజిలాండ్ డాలరే, దేశాధినేత కూడా న్యూజిలాండ్ రాజు హోదాలో ఉన్న చార్లెస్. పరీక్షలో అడిగితే సార్వభౌమ దేశం కాదు అనే పెడతాను మాస్టారూ.

బార్_రూమ్

తమ్ముడూ, పరీక్ష సంగతి కాసేపు పక్కన పెట్టు. ఐరాస సభ్యత్వమే కొలబద్ద అయితే 2002 దాకా స్విట్జర్లాండ్ దేశం కాదనాలి, అలా ఎవరూ అనలేదు కదా.

నియూయే 1993లో యునెస్కోలో, 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో మిగతా దేశాలతో సమానంగా సభ్యత్వం తీసుకుంది. అదే 1994లో ఐరాస సచివాలయం కూడా, నియూయేకు సొంతంగా అంతర్జాతీయ ఒప్పందాలు చేసుకునే పూర్తి సామర్థ్యం ఉందని ఒప్పుకుంది. చైనా 2007లో, మనం 2012లో రాయబార సంబంధాలు పెట్టుకున్నాం. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఉండే మన హైకమిషనరే నియూయే వ్యవహారాలు కూడా చూస్తారు. జపాన్ 2015లో గుర్తించింది. అమెరికా చాలా ఏళ్లు నానబెట్టి చివరికి 2023 సెప్టెంబరులో సార్వభౌమ, స్వతంత్ర రాజ్యంగా గుర్తిస్తున్నామని ప్రకటించింది. ఒక రాష్ట్రంతోనో జిల్లాతోనో ఇవన్నీ ఎవరూ చేయరు.

ఇక విదేశాంగం న్యూజిలాండ్ బాధ్యత అన్నావు. చట్టంలో ఆ మాట ఉంది, నిజమే. కానీ బాధ్యత వేరు, అధికారం వేరు. నియూయే అడిగితే చేసిపెట్టాలి, అడగకుండా దాని తరఫున మాట ఇచ్చేయడానికి వీల్లేదు. అమల్లో ఉన్నది ఇదే.

ఆక్లాండ్_తెలుగోడు

మాస్టారూ, నేనుండేది సౌత్ ఆక్లాండ్‌లో. ఇక్కడ నియూయే వాళ్లు చాలామంది ఉంటారు, మా వేర్‌హౌస్‌లో నాతో షిఫ్టు చేసేవాళ్లలోనూ ఉన్నారు. అక్కడికి ఒకసారి వెళ్లొచ్చాను కూడా. చట్టాల సంగతి బార్_రూమ్ లాయరు గారు చెప్తారు కాబట్టి, ఆ దీవి ఎలా ఉంటుందో నేను చెప్తాను. అది తెలియకపోతే ఈ హోదా ఎందుకు ఎంచుకున్నారో అర్థం కాదు.

మొత్తం 260 చదరపు కిలోమీటర్లు, మన హైదరాబాద్ జిల్లా కంటే కొంచెం పెద్దది. ఒకే దీవి. సముద్రంలోంచి పైకి లేచిన పగడపు రాయి అది, చుట్టూ నిటారు గట్లే, నది అనేది లేదు, ఓడ లోపలికొచ్చి ఆగే రేవు లేదు. రాజధాని అలోఫీలో ఒక గట్టు కట్టారు, అక్కడ క్రేన్ ఉంటుంది, చేపలకు వెళ్లేవాళ్లు పడవను క్రేన్‌తో నీళ్లలోకి దించి, తిరిగొచ్చాక మళ్లీ క్రేన్‌తోనే పైకి లాగి ట్రాలీ మీద పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. సముద్రం మధ్యలో ఉండి పడవను నీళ్లలో వదిలేయలేని పరిస్థితి. విమానం ఆక్లాండ్ నుంచి మూడున్నర గంటలు, దారిలో దినరేఖ దాటుతుంది కాబట్టి శనివారం ఎక్కితే శుక్రవారం దిగుతాం.

జనం 1,700 దగ్గర. 1966లో 5,000 పైన ఉండేవాళ్లు. 1970ల మొదట్లో విమానాశ్రయం వచ్చాక వలస జోరందుకుంది. ఇప్పుడు న్యూజిలాండ్‌లో ఉన్న నియూయే మూలాల వాళ్లు 2018 జనాభా లెక్కల ప్రకారం 30,000 పైనే. ఊళ్లలో నడుస్తుంటే వరసగా ఖాళీ ఇళ్లు కనపడతాయి, కిటికీలు ఊడిపోయి, లోపల చెట్లు మొలిచి. కుటుంబాల సమాధులు మాత్రం రోడ్డు పక్కన శుభ్రంగా ఉంటాయి, వాటిని చూసుకునేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. ఆ ఇళ్లను, స్థలాలను బయటివాళ్లు కొనలేరు. భూమి కుటుంబాలదే, అమ్మకానికి ఉండదు. న్యూజిలాండ్ తెల్లవాడు ఎంత డబ్బున్నవాడైనా సరే లీజుకు తీసుకోవాల్సిందే.

సివిల్స్_బ్యాచ్

1,700 మందికి ప్రభుత్వమా? మా ఊరి పంచాయతీ పరిధిలోనే అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు అన్నా.

ఆక్లాండ్_తెలుగోడు

పంచాయతీకి సొంత చట్టాలు, సొంత పన్నులు, సొంత ఇమ్మిగ్రేషన్ ఉంటాయా తమ్ముడూ? అక్కడ ఉన్నాయి. అసెంబ్లీలో 20 మంది, 14 ఊళ్లకు ఒక్కొక్కరు, మిగతా ఆరుగురిని దీవి మొత్తం కలిసి ఎన్నుకుంటుంది. చిన్న ఊళ్లలో గెలుపోటములు పదుల ఓట్లలో తేలిపోతాయి. పార్టీలు లేవు. ఉన్న ఒక్క పార్టీ 2003లో మూతపడింది. స్పీకరును సభ్యుల్లోంచి కాకుండా బయటి నుంచి ఎన్నుకుంటారు, అది నాకు చాలా నచ్చింది. మొదటి ప్రీమియర్ రాబర్ట్ రెక్స్, 1974 నుంచి 1992లో చనిపోయేదాకా ఆయనే. ఇప్పుడు ఆ పదవిని ప్రధానమంత్రి అంటున్నారు.

ఓరుగల్లు_పిల్ల

హోదా గురించి ఇంత చెప్పుకుంటున్నారు, మాస్టారు అడిగిన పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. అది చిన్న విషయం కాదు.

1774 జూన్‌లో కెప్టెన్ కుక్ రిజల్యూషన్ ఓడ మీద అక్కడికి వచ్చాడు. దిగడానికి ప్రయత్నిస్తే ఆ ఊరివాళ్లు రాళ్లు, ఈటెలు విసిరి వెనక్కి పంపారు. ఆయన వెళ్తూ వెళ్తూ పటం మీద సావేజ్ ఐలాండ్ అని రాసేశాడు. ఆటవికుల దీవి అన్నమాట. అంతకు ముందు ఏడాదే తనను బాగా చూసుకున్న టోంగాకు ఫ్రెండ్లీ ఐలాండ్స్ అని పెట్టిన మనిషే. అంటే తనకు అన్నం పెట్టినవాడు మంచోడు, గడప తొక్కనివ్వనివాడు ఆటవికుడు. తమ ఇంట్లోకి ఎవర్ని రానివ్వాలో చెప్పుకునే హక్కు ఆ జనానికి లేదా?

వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. బయటివాళ్లతో రోగాలు వస్తాయని వాళ్లకు గట్టి నమ్మకం. ఊరి మనిషే అయినా బయటి నుంచి తిరిగొస్తే అనుమానంగా చూసేవాళ్లు. 1846లో క్రైస్తవం తెచ్చిన పెనియమినా అనే ఆయన సొంతూరివాడే, సమోవా నుంచి తిరిగొస్తే అతన్ని కూడా వెంటనే దగ్గరకు రానివ్వలేదు. తర్వాత 1860ల్లో పెరూ నుంచి బానిసల వేటకు వచ్చిన ఓడలు ఈ చిన్న దీవి నుంచి వంద మంది దాకా మగవాళ్లను ఎత్తుకుపోయాయి. రాళ్లు విసిరిన తాతలది తప్పని ఎవరైనా అనగలరా?

ఆ పేరు మాత్రం నూరేళ్లకు పైగా పటాల మీద అలాగే ఉండిపోయింది. అప్పుడూ ఇప్పుడూ ఆ మనుషులు తమ దీవిని పిలుచుకునేది నియూయే అనే. కొబ్బరి చెట్టును చూపిస్తూ పుట్టిన పేరంటారు. అంతకుముందు నుకుటుటాహా లాంటి పాత పేర్లూ ఉన్నాయి. మాస్టారూ, దయచేసి మీ పిల్లలకు సావేజ్ అనే పేరు "పాత పేరు" అని మాత్రం చెప్పకండి. అది బయటివాడు పెట్టిన పేరు, అంతే.

భూగోళం_మాస్టారు

అమ్మా, ఇది నా మనసులో పెట్టుకుంటాను. పాత పేరు, బయటివాళ్లు పెట్టిన పేరు అని రెండు గళ్లు వేరువేరుగా వేసి రాయిస్తాను. మరి అంత గట్టిగా అడ్డుకున్నవాళ్లు బ్రిటిషు వాళ్ల కిందికి ఎలా వచ్చారు? యుద్ధం జరిగిందా?

బార్_రూమ్

యుద్ధం జరగలేదు. వాళ్లే అడిగారు. కాకపోతే ఏం అడిగారో చూడాలి.

1887లో ఫటాఇకి అనే రాజు విక్టోరియా రాణికి రక్షణ కోరుతూ ఉత్తరం రాయించాడు. అప్పట్లో జర్మనీ, ఫ్రాన్స్, అమెరికా తలో దీవి పంచుకుంటున్న కాలం, ఎవరో ఒకరు వచ్చి మింగేయకుండా పెద్ద అండ కావాలనుకున్నారు. దానికి సమాధానం రావడానికే పదేళ్లు దాటింది. 1900లో టోగియా రాజు హయాంలో బ్రిటిషు రక్షణ కిందికి తీసుకున్నారు. మరుసటి ఏడు, 1901లో, న్యూజిలాండ్ తన సరిహద్దులు పెంచుకుని కుక్ దీవులతో పాటు దీన్నీ కలిపేసుకుంది. అడిగింది గొడుగు, దొరికింది యజమాని. పైగా కుక్ దీవుల్లో ఒక భాగంలా చూస్తున్నారని నియూయే పెద్దలు గట్టిగా పట్టుబట్టి, కొన్నేళ్లకే తమకు వేరే రెసిడెంట్ కమిషనర్‌ను, అంటే దీవిలోనే ఉండి పాలించే అధికారిని, వేయించుకున్నారు. అంటే 1900ల మొదట్లోనే మేం వేరు అనే మాట స్పష్టంగా ఉంది.

ఆ కమిషనర్ల పాలన సుఖంగా ఏమీ లేదు. పోలీసు, జడ్జి, అధికారి అన్నీ ఒక్కడే. 1953లో లార్సెన్ అనే కమిషనర్‌ను జైలు నుంచి తప్పించుకున్న ముగ్గురు కుర్రాళ్లు నిద్రలో ఉండగా చంపేశారు. వాళ్లకు ఉరిశిక్ష పడితే న్యూజిలాండ్‌లోనే జనం వద్దని గొడవ చేశారు, చివరికి శిక్ష తగ్గించారు. హత్యను ఎవరూ సమర్థించరు, కానీ ఆ విచారణతో దీవిలో పాలన ఎంత కఠినంగా నడుస్తోందో వెల్లింగ్టన్‌కు తెలిసొచ్చింది.

ఓరుగల్లు_పిల్ల

ఇంత జరిగాక 1974లో పూర్తి స్వాతంత్ర్యం ఎందుకు తీసుకోలేదు? నాకు అర్థం కానిది అదే. నౌరూ 1968లో తీసుకుంది, అది ఇంకా చిన్న దీవి. టువాలు 1978లో తీసుకుంది. వీళ్లు మాత్రం సగంలో ఆగిపోయారు. ఖజానా చూస్తే పెద్ద భాగం న్యూజిలాండ్ సాయమే. డబ్బు ఎవడిదో మాట వాడిదే అవుతుంది. దీన్ని స్వపరిపాలన అనడం నాకు మింగుడుపడటం లేదు.

బార్_రూమ్

అమ్మా, సగంలో ఆగిపోలేదు, అక్కడిదాకా చాలని ఓటేసి ఆగారు. 1974 సెప్టెంబరులో ఐరాస పరిశీలకుల సమక్షంలో జనాభిప్రాయ సేకరణ జరిగింది, సుమారు 65 శాతం ఔనన్నారు. అక్టోబరు 19న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 1900లో బ్రిటిషు జెండా ఎగిరిన తేదీ కూడా అక్టోబరు 19నే, అదే రోజు కావాలని పెట్టుకున్నారు.

ఆ ఏర్పాటులో ముఖ్యమైనవి చెప్తాను, జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే దేశం అవునా కాదా అనే వాదనకంటే ఇవే అసలు విషయం.

న్యూజిలాండ్ పార్లమెంటు చేసిన ఏ చట్టమూ నియూయే అసెంబ్లీ అడిగి ఒప్పుకుంటే తప్ప అక్కడ చెల్లదు. నియూయే రాజ్యాంగాన్ని మార్చాలంటే నియూయే అసెంబ్లీలో మూడింట రెండు వంతుల మంది, ఆ తర్వాత నియూయే ప్రజల ఓటు కావాలి. హోదాను తాకే కీలకమైన సెక్షన్లయితే ఆ ఓటులో కూడా మూడింట రెండు వంతులు రావాలి. వెల్లింగ్టన్‌కు అందులో చేయి పెట్టే దారి లేదు. నియూయే మాత్రం రేపు పొద్దున కావాలనుకుంటే ఆ పద్ధతిలో ఓటేసుకుని పూర్తి స్వాతంత్ర్యం తీసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక సాయం అన్నారు. 1974 చట్టంలో ఏడో సెక్షన్ చూడండి. నియూయేకు అవసరమైన ఆర్థిక, పాలనా సహాయం అందించడం న్యూజిలాండ్ ప్రభుత్వానికి నిరంతర బాధ్యత అని రాసుంది. మనసైతే ఇచ్చేది, అలిగితే ఆపేది కాదు. నలభై వేల జీతగాడు నెలాఖరుకు జీతం అడగడాన్ని బిచ్చం అనం కదా.

విశాఖ_తీరం

చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు, ఈ విషయం మీద మాత్రం రాయాలనిపించింది. మర్చంట్ నేవీలో పనిచేశాను, ఆ సముద్రాల మీద తిరిగాను.

లాయరు గారు చెప్పిన, హోదా మార్చే ఆ అధికారం అనే తాళంచెవి ఎవరి దగ్గరుంది అనేది ఎంత ముఖ్యమో తెలియాలంటే నార్‌ఫోక్ దీవిని చూడండి. ఆస్ట్రేలియాది. జనం రెండు వేల దగ్గర, నియూయే అంతే అనుకోండి. బౌంటీ అనే బ్రిటిషు ఓడలో తిరుగుబాటు చేసిన నావికుల సంతతి పిట్‌కైర్న్ దీవి నుంచి 1856లో వచ్చి స్థిరపడ్డ చోటు. వాళ్లకీ 1979లో స్వపరిపాలన ఇచ్చారు, సొంత అసెంబ్లీ, సొంత పన్నులు, సొంత ఇమ్మిగ్రేషన్, సొంత స్టాంపులు అన్నీ ఉండేవి. అప్పుల్లో పడ్డారు, ఆస్ట్రేలియా ప్రభుత్వాన్ని సాయం అడిగారు. 2015లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఒక చట్టం చేసి ఆ అసెంబ్లీని రద్దు చేసింది. తమ భవిష్యత్తు తామే తేల్చుకునే హక్కు కావాలని దీవిలో ఓటు పెట్టుకుంటే 68 శాతం ఔనన్నారు, అయినా ఆగలేదు. 2016లో దాని స్థానంలో ఒక ప్రాంతీయ కౌన్సిల్ పెట్టారు. చెత్త, రోడ్లు లాంటివి చూసుకునే స్థాయి.

రెండు దీవులకూ స్వపరిపాలన అనే పేరే. ఒకదానిది ఇచ్చినవాడు వెనక్కి తీసుకోగలిగాడు. రెండోదానిది తీసుకోలేడు. నాకు తేడా అక్కడే కనపడుతుంది.

సివిల్స్_బ్యాచ్

ఇది నాకు నిజంగా కొత్త. మన పాఠాల్లో సిక్కిం ఇలాగే కదా? 1974లోనే 35వ సవరణతో సిక్కింను అనుబంధ రాష్ట్రం అన్నారు, 1975లో 36వ సవరణతో పూర్తి రాష్ట్రమైపోయింది. నియూయే, సిక్కిం ఒకే ఏడాది "అనుబంధం" అయ్యాయి, ఒకటి అక్కడే ఉంది, ఇంకోటి ఏడాది తిరక్కుండా కలిసిపోయింది.

బార్_రూమ్

బాగా పట్టుకున్నావు తమ్ముడూ. ఇంకో పోలిక భూటాన్. 1949 ఒప్పందం ప్రకారం విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా ప్రకారం నడుస్తామని భూటాన్ ఒప్పుకుంది. ఆ ఒప్పందం అమల్లో ఉండగానే 1971లో ఐరాసలో చేరింది, మనమే దగ్గరుండి చేర్పించాం. 2007లో ఆ మాట తీసేసి కొత్త ఒప్పందం రాసుకున్నాం. విదేశాంగంలో పెద్దన్న చెయ్యి ఉన్నంత మాత్రాన దేశం కాకుండా పోదు అనడానికి మన ఇంటి పక్కనే ఉదాహరణ ఉంది.

ఓరుగల్లు_పిల్ల

భూటాన్ వాళ్లకు భూటాన్ పౌరసత్వం ఉంది సార్. నియూయే పౌరసత్వం అనేదే లేదు. పాస్‌పోర్టు మీద న్యూజిలాండ్ అని ఉంటుంది. నేను అనేది అది.

నాణేల_పెట్టె

మధ్యలో వస్తున్నాను, చర్చ బాగుంది. నాకు నియూయే పేరు తెలిసింది వెండి నాణేల వల్ల. బొమ్మల నాణేలు సేకరించేవాళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు ఉండరు. 2011లో స్టార్ వార్స్ బొమ్మలతో నాణేలు వేశారు, తర్వాత డిస్నీ బొమ్మలతోనూ వచ్చాయి. ముద్రించేది వేరే దేశాల మింట్‌లే, దీవి పేరు వాడుకున్నందుకు వాళ్లకు రుసుము వస్తుంది. నియూయే తన పేరు మీద చెల్లుబాటు ఇస్తుంది కాబట్టే అది చట్టబద్ధమైన నాణెం అవుతుంది, లేకపోతే అది వట్టి బిళ్ల.

అయితే పేరుతో వచ్చే డబ్బు అన్నిసార్లూ వాళ్లకు దక్కలేదు. ఇంటర్నెట్‌లో మనకు డాట్ ఇన్ ఉన్నట్టు వాళ్లకు డాట్ ఎన్‌యూ ఉంది. 1990ల్లో ఒక అమెరికా వ్యాపారి పెట్టిన సంస్థ చేతికి అది పోయింది. స్వీడన్ భాషలో ఆ రెండక్షరాలకు "ఇప్పుడు" అనే అర్థం ఉండటంతో అక్కడివాళ్లు లక్షల్లో కొన్నారు. ఆ సంస్థ దీవిలో ఉచిత ఇంటర్నెట్ పెట్టింది, 2003లో దీవి మొత్తానికి ఉచిత వైఫై అని ప్రపంచమంతా రాశారు కూడా. కానీ ఆ అక్షరాలు మావి, మా చేతికి ఇవ్వండి అని నియూయే ప్రభుత్వం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. 2013లో నిర్వహణ స్వీడన్ ఇంటర్నెట్ ఫౌండేషన్ చేతికి వెళ్లింది, 2018లో నియూయే ఆ దేశపు కోర్టుకెక్కింది. 1,700 మంది ఉన్న ప్రభుత్వం సముద్రాలు దాటి స్టాక్‌హోమ్‌లో కేసు నడపడం అంటే ఆలోచించండి.

ఓరుగల్లు_పిల్ల

చూశారా, మళ్లీ అదే. కుక్ పేరు పెట్టి పోయాడు, ఇప్పుడు వాళ్ల సొంత పేరులోని అక్షరాలు కూడా వేరేవాళ్ల గల్లాపెట్టెలో ఉన్నాయి. నాకు చదువుతుంటేనే ఒళ్లు మండుతోంది.

భూగోళం_మాస్టారు

ఒక సందేహం. ఆక్లాండ్ బాబూ, తుపాను వస్తే, పెద్ద జబ్బు చేస్తే ఆ దీవి ఎలా నెట్టుకొస్తుంది? హోదా గురించి మాట్లాడేటప్పుడు అది కూడా తెలియాలి కదా.

ఆక్లాండ్_తెలుగోడు

అసలు సంగతి అడిగారు మాస్టారూ. 2004 జనవరిలో హీటా తుపాను వచ్చింది. అలోఫీ సముద్రానికి చాలా ఎత్తున, గట్టు అంచున ఉంటుంది. అలలు ఆ గట్టు ఎక్కి ఊళ్లోకి వచ్చాయి. దీవిలో ఉన్న ఒక్క ఆసుపత్రి పోయింది. మ్యూజియం పోయింది, తాతల నాటి వస్తువులు దాదాపు అన్నీ సముద్రంలో కలిసిపోయాయి. మాతో పనిచేసే పెద్దావిడ ఆ మాట వస్తే ఇప్పటికీ ఆసుపత్రి గురించి మాట్లాడదు, మ్యూజియం గురించే మాట్లాడుతుంది. ఆసుపత్రి మళ్లీ కట్టారు, అవి మళ్లీ రావు అంటుంది. అప్పుడు బయటి పత్రికల్లో ఈ దీవి ఇక నిలబడదు, జనాన్నంతా న్యూజిలాండ్ తెచ్చేసి మూసేయాలి అని కూడా రాశారు. వాళ్లు మూయలేదు. న్యూజిలాండ్ సాయంతో కొత్త ఆసుపత్రి కొంచెం లోపలికి కట్టుకున్నారు.

పెద్ద జబ్బు చేస్తే విమానంలో ఆక్లాండ్ తీసుకొస్తారు. ఇక్కడ వీసా అక్కర్లేదు, ఇక్కడి పౌరులే కాబట్టి వైద్యం ఇక్కడివాళ్లతో సమానంగా అందుతుంది. ఓరుగల్లు చెల్లీ, పాస్‌పోర్టు గురించి నీ కోపం నాకు అర్థమవుతుంది, కానీ డయాలసిస్ అవసరమైన మనిషికి ఆ పాస్‌పోర్టు అంటే ఏంటో కూడా చూడాలి.

అలాగని వాళ్లేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2020లో దీవి మొత్తానికి చీకటి ఆకాశ ప్రాంతంగా, అంటే దీపాల వెలుతురు ఆకాశాన్ని కప్పేయని చోటుగా, గుర్తింపు తెచ్చుకున్నారు, దేశం మొత్తానికి ఆ గుర్తింపు రావడం ప్రపంచంలో అదే మొదటిసారి. వీధి దీపాలన్నీ మార్చారు. రాత్రి బయటికొచ్చి చూస్తే పాలపుంత నెత్తి మీదే ఉంటుంది. తమ సముద్రంలో 40 శాతాన్ని చేపలు పట్టకుండా రక్షిత ప్రాంతం చేసుకున్నారు. ఇవన్నీ వెల్లింగ్టన్ చెప్తే చేసినవి కావు.

విశాఖ_తీరం

పక్కన కుక్ దీవుల్లో 2024, 2025ల్లో జరిగిన గొడవ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వాళ్లు 1965 నుంచి ఇదే ఏర్పాటులో ఉన్నారు. ప్రధాని మార్క్ బ్రౌన్ సొంత పాస్‌పోర్టు తెద్దామన్నారు. పూర్తి స్వాతంత్ర్యం తీసుకుంటే తప్ప అది కుదరదని న్యూజిలాండ్ అంది, 2025 ఫిబ్రవరిలో ఆ ఆలోచన వదిలేశారు. అదే నెలలో చైనాతో ఒప్పందం చేసుకుంటే, ముందుగా సంప్రదించలేదని న్యూజిలాండ్ 1.8 కోట్ల డాలర్లకు పైగా సాయం నిలిపేసింది. కాబట్టి లాయరు గారూ, నిరంతర బాధ్యత అని రాసుకున్నా ఆచరణలో కుళాయి తిప్పేవాడు ఉంటాడు.

బార్_రూమ్

ఒప్పుకుంటాను. చట్టం తాళం వేస్తుంది కానీ ఒత్తిడిని ఆపలేదు. అందుకే మాస్టారు పిల్లలకు చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి.

సివిల్స్_బ్యాచ్

ఇంకో పక్క న్యూజిలాండ్ కిందే ఉన్న టోకెలావు అనే చిన్న దీవుల గుంపు ఉంది. న్యూజిలాండే స్వయంగా ఇదే హోదా ఇస్తానంటే 2006లో ఒకసారి, 2007లో ఒకసారి ఓటు పెట్టారు. మూడింట రెండు వంతులు రావాలని నియమం. రెండోసారి 16 ఓట్ల తేడాతో పోయింది. సగానికి పైగా ఔనన్నా సరే ఇంకా న్యూజిలాండ్ భూభాగంగానే ఉంది. అంటే అడగకుండా ఇచ్చినా వద్దనుకునేవాళ్లూ ఉన్నారు.

ఆక్లాండ్_తెలుగోడు

నిన్న షిఫ్టులో ఈ చర్చ గుర్తొచ్చి మా నియూయే వాళ్లనే అడిగాను. ఐరాసలో సీటు ఇస్తారు, న్యూజిలాండ్ పాస్‌పోర్టు వదిలేయాలి, ఒప్పుకుంటారా అని. పెద్దావిడ వెంటనే వద్దంది, మా పిల్లలు, మనవలు అందరూ ఇక్కడే ఉన్నారు, వాళ్లకూ మా ఊరికీ మధ్య గోడ కట్టే సీటు మాకెందుకు అంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు మాత్రం, రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని ఎవరు పెట్టిన రూలు అన్నాడు. ఇద్దరూ కాసేపు వాళ్ల భాషలో గట్టిగానే వాదించుకున్నారు.

ఓరుగల్లు_పిల్ల

ఆ అబ్బాయి అడిగిందే నేనూ అడుగుతున్నాను. మార్షల్ దీవులు, మైక్రోనేషియా, పలావు అమెరికాతో స్వేచ్ఛా అనుబంధంలోనే ఉన్నాయి, వాటి రక్షణ అమెరికాదే. మొదటి రెండూ 1991లో, పలావు 1994లో ఐరాసలో చేరాయి. వాళ్ల జనం వీసా లేకుండా అమెరికా వెళ్లి ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్లకు కుదిరింది వీళ్లకు ఎందుకు కుదరదు?

బార్_రూమ్

వాళ్లకు అమెరికా పౌరసత్వం లేదమ్మా, ఉండి పనిచేసుకునే హక్కే ఉంది. ఆ హక్కు కూడా ఒప్పందం ద్వారా వచ్చినది. నియూయే వాళ్లు పుట్టుకతో న్యూజిలాండ్ పౌరులు. సొంత పౌరసత్వం లేని ప్రజలకు వేరే సీటు ఎలా అన్నది న్యూజిలాండ్ పట్టుకున్న వాదన. అది విధానమే తప్ప ఐరాస నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు. అక్కడ దరఖాస్తు పెడితే భద్రతా మండలి సిఫారసు, సాధారణ సభలో మూడింట రెండు వంతులు కావాలి, అంతే. నియూయే ఇప్పటిదాకా దరఖాస్తు పెట్టలేదు.

ఓరుగల్లు_పిల్ల

అయితే ఆ కుర్రాడి తరం పెడుతుంది. నేను దాని కోసమే చూస్తుంటాను.